తుంపితే పెరిగే ఐప్టేసియా: ఉప్పునీటి అక్వేరియంలో కలుపు ఎనిమోన్ల అదుపు

క్లుప్తంగా

ఇళ్లలో పెంచే ఉప్పునీటి అక్వేరియంలలో ఐప్టేసియా, మంజానో అనే రెండు రకాల సముద్ర ఎనిమోన్లు కలుపుగా మారతాయి. వాటిని చంపగల పదార్థాలకు కొరత లేదు. సున్నం మొదలు వేడినీటి వరకు చాలా పనిచేస్తాయి. అయినా అవి అదుపు తప్పుతున్నాయంటే, వాటి ప్రత్యుత్పత్తి పద్ధతికీ పెంపకందారు ఎంచుకున్న ఉపాయానికీ పొంతన లేకపోవడమే ముఖ్య కారణం. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్నీ విడిగా చంపడం కుదురుతుంది. వందల్లోకి వెళ్లాక వాటిని తినే జీవి అవసరమవుతుంది. ఏ దశలోనైనా తొట్టిలో మిగులు మేత తగ్గకపోతే రెండు ఉపాయాలూ నెమ్మదిస్తాయి. మంజానో విషయంలో తినే జీవుల మీద పెద్దగా ఆశ పెట్టుకోలేము.

రెండు జీవులు, ఒకే నింద

రాళ్లు పేర్చి, నీరు నిలకడకు వచ్చి, మొదటి పగడం పెట్టిన కొన్ని నెలలకు రాతి సందులో అరంగుళం ఎత్తున, గోధుమరంగు గాజుతో చేసిన బుల్లి తాటిచెట్టులాంటి జీవి ఒకటి కనిపిస్తుంది. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారు దాన్ని చూసి, కొనకుండానే ఒక ప్రాణి ఉచితంగా వచ్చిందని సంతోషించడం మామూలే. అదే ఐప్టేసియా. పగడాలు, జెల్లీ చేపలు, పాఠ్యపుస్తకాల్లో కనిపించే హైడ్రా మాదిరిగానే ఇది కూడా నిడేరియా వర్గానికి చెందిన జీవి. సన్నని కాండం, పైన నోరు, నోటి చుట్టూ పొడవుగా మొన తేలిన స్పర్శకాలు, కింద రాతిని పట్టుకునే పాదం ఉంటాయి. ప్రపంచంలోని వెచ్చని సముద్రాలన్నింటిలోనూ ఓడరేవుల గోడలకూ, మడ చెట్ల వేళ్లకూ అంటుకుని బతికే ఈ జీవిని ఒకప్పుడు ఒక్కోచోట ఒక్కో పేరుతో నమోదు చేశారు. వాటిలో చాలావరకు ఒకే జాతి అని 2014లో జరిగిన వర్గీకరణ సమీక్ష తేల్చి, ఎగ్జాయిప్టేసియా అనే కొత్త ప్రజాతిలో చేర్చింది. పెంపకందారులు మాత్రం పాత పేరునే వాడుతున్నారు.

రెండోది మంజానో. పొట్టిగా, దళసరిగా ఉండి, స్పర్శకాల చివర్లు కొద్దిగా ఉబ్బి, ఆకుపచ్చ లేదా గులాబీ ఛాయలో మెరుస్తుంది. దీని శాస్త్రీయ నామం ఎనిమోనియా మంజానో. స్వీడన్ జంతుశాస్త్రవేత్త ఆస్కార్ కార్ల్‌గ్రెన్ 1900లో తూర్పు ఆఫ్రికా ఎనిమోన్లపై ప్రచురించిన రచనలో దీన్ని వర్ణించారు. ఆ తీరపు స్వాహిలీ భాషలో మంజానో అంటే పసుపు. తెలుగులో లాగే అక్కడ కూడా వంటింటి పసుపుకూ పసుపు రంగుకూ ఒకటే మాట. అక్వేరియం దుకాణాల దాకా వచ్చేసరికి ఆ పేరులోని సున్న రాలిపోయి ‘మజానో’గా మిగిలింది.

ఈ రెండింటి మీద ఉన్న అభియోగం ఒక్కటే. వాటి స్పర్శకాల నిండా దంశకణాలు ఉంటాయి. పక్కనున్న పగడాన్ని తాకినప్పుడల్లా కుడతాయి. కుట్టించుకున్న పగడం ముడుచుకుపోతుంది, ఆ వైపు కణజాలం వెనక్కి తగ్గుతుంది, ఖాళీ అయిన చోటును ఎనిమోన్ ఆక్రమిస్తుంది. రాతిని తోకతో పట్టుకుని నిలబడే సముద్రపు గుర్రాలకు ఐప్టేసియా మరింత ప్రమాదకరం. ఒకటి రెండు ఎనిమోన్ల వల్ల పెద్ద నష్టమేమీ ఉండదు, కానీ అవి ఒకటి రెండు దగ్గర ఆగవు.

రాతిమీద స్పర్శకాలతో కనిపించిన ప్రతి జీవీ కలుపు కాదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. గొట్టంలో బతికే విసనకర్ర పురుగులు నీడ పడగానే తటాలున లోపలికి పోతాయి, వాటి కిరీటం ఈకల్లా ఉంటుంది, అవి పూర్తిగా నిరపాయం. పెంపకందారులు కోరి కొనే బబుల్ టిప్ ఎనిమోన్ పిల్లలకూ మంజానోకూ పోలిక బాగా దగ్గరగా ఉంటుంది. పిల్ల ఎనిమోన్ ఎదుగుతూ పోతుంది, మంజానో చిన్నదిగానే ఉండి సంఖ్యలో పెరుగుతుంది. కొన్ని వారాల గమనికలో ఈ తేడా బయటపడుతుంది కాబట్టి చూసిన రోజే సున్నం తీయనవసరం లేదు.

పాదం విడిచిన ముక్క

వరి పొలంలో తుంగను చూసినవారికి ఐప్టేసియా స్వభావం వెంటనే అర్థమవుతుంది. తుంగను పైపైన పీకితే మట్టిలో గడ్డ మిగిలి మళ్లీ మొలుస్తుంది. దున్నితే గడ్డలు విడిపోయి పొలమంతా పరుచుకుంటాయి. ఐప్టేసియాలో ఆ గడ్డ పాత్రను పాదం పోషిస్తుంది. అది రాతిమీద నెమ్మదిగా జరిగేటప్పుడు పాదపు అంచు నుంచి చిన్న చిన్న తునకలు ఊడి వెనక ఉండిపోతాయి. ఒక్కో తునకా గుండ్రబడి, నోరూ స్పర్శకాలూ మొలిపించుకుని, కొద్ది వారాల్లో పూర్తి ఎనిమోన్‌గా తయారవుతుంది. ఎవరూ తాకకపోయినా జరిగే మామూలు ప్రత్యుత్పత్తి ఇది. కత్తితోనో పళ్ల బ్రష్‌తోనో గీకడమంటే ఆ జీవి తీరిగ్గా చేసుకునే పనిని ఒక్క నిమిషంలో పదింతలు చేసిపెట్టడమే.

తాకగానే అది స్పందించే తీరు కూడా గీకేవారికి ప్రతికూలంగా ఉంటుంది. ప్రమాదం పసిగట్టగానే కాండం మొత్తం రంధ్రంలోకి ముడుచుకుంటుంది, శరీరపు గోడలోని సన్నని రంధ్రాల గుండా తెల్లని దారాలను బయటకు వదులుతుంది. అకాంషియా అనే ఈ దారాల నిండా దంశకణాలే. ఇవి రక్షణకు వదిలే ఆయుధాలు. వాటిని చూసి చాలామంది అది గుడ్లు వదిలిందనో, చస్తూ చస్తూ బీజాలు వెదజల్లిందనో అనుకుంటారు. ఐప్టేసియాకు బీజాలు లేవు. లైంగిక ప్రత్యుత్పత్తి ఉంది గానీ, ఒకే జీవి తునకల నుంచి పుట్టినవన్నీ జన్యుపరంగా ఒకటే కాబట్టి సాధారణంగా అన్నీ ఒకే లింగానికి చెందుతాయి. ఒకే క్లోన్‌లో రెండు లింగాలూ కనిపించిన సందర్భాలు నమోదైనా, ఇంటి తొట్టిలో విస్తరణకు ప్రధాన మార్గం పాదపు తునకలే. అందువల్ల సూదితో మందు వేస్తే బీజాలు చల్లుతుందన్న భయానికి ఆధారం లేదు. సగం చంపి వదిలేస్తే పాదం మిగిలిపోతుందన్న భయానికి మాత్రం పూర్తి ఆధారం ఉంది.

మంజానో ప్రధానంగా నిలువునా రెండుగా చీలి పెరుగుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, రాతిమీద ఒకేచోట దట్టమైన తివాచీలా పరుచుకుంటుంది. ఐప్టేసియా సందుల్లో, గొట్టాల్లో, వెలుతురు తగలని మూలల్లో చెల్లాచెదురుగా లేస్తుంది.

ప్రయోగశాలలో దీన్ని ఎందుకు పెంచుతారు

పెంపకందారులు వదిలించుకోలేక సతమతమయ్యే ఇదే జీవిని పగడాల శాస్త్రవేత్తలు కోరి పెంచుతారు. పగడాలు తెల్లబారే సమస్యను అధ్యయనం చేయడానికి నిజమైన పగడాలు అంత అనువైనవి కావు. అవి నెమ్మదిగా పెరుగుతాయి, సున్నపు అస్థిపంజరం అడ్డు వస్తుంది. ఐప్టేసియాలో పగడాల్లో ఉన్నట్టే, వెలుతురుతో ఆహారం తయారుచేసే సూక్ష్మ శైవలాలు కణాల లోపల సహజీవనం చేస్తాయి, అస్థిపంజరం ఉండదు, క్లోన్లు తేలిగ్గా తయారవుతాయి. దీని జన్యుక్రమం 2015లో ప్రచురితమైంది; పరిమాణం సుమారు 26 కోట్ల బేస్ జతలు. పరిశోధకులు ఎక్కువగా వాడే శ్రేణుల్లో ఒకటి సీసీ7, మరొకటి హవాయిలోని కోకోనట్ ద్వీపం నుంచి వచ్చిన హెచ్2. మొదటిది మగ, రెండోది ఆడ. డింభకాలు కావాలంటే ప్రయోగశాలలో రెండింటినీ కలపాల్సి వస్తుంది.

ఈ పరిశోధనల నుంచి ఇంటి అక్వేరియానికి నేరుగా పనికొచ్చే విషయం ఒకటుంది. శాస్త్రవేత్తలు శైవలాలను పూర్తిగా తొలగించిన ఐప్టేసియాలను చీకట్లో ఉంచి, ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవుల పిల్లలను మేపి, ఏళ్ల తరబడి బతికిస్తారు. శైవలాలు ఉన్నవాటిని వెలుతురులో పెట్టి తక్కువ మేతతోనూ నిలబెడతారు. అంటే ఈ జీవికి రెండు వంటిళ్లు ఉన్నాయి. ఒకటి మూస్తే రెండోదానితో గడుపుకుంటుంది. మూడు రోజులు లైట్లు ఆర్పితే చస్తుందనీ, చేపల మేత తగ్గిస్తే చాలనీ వినిపించే సలహాలు విడివిడిగా ఎందుకు ఫలించవో దీనితో తెలుస్తుంది. లైట్లు ఆర్పినప్పుడు అది రంగు వెలిసి పాలిపోతుంది, చావదు. ఈలోగా ఖరీదైన పగడాలే ముందు దెబ్బతింటాయి.

అయితే మేత తగ్గించడం వ్యర్థమని దీని అర్థం కాదు. పాదపు తునకలు ఎంత తరచుగా ఊడతాయన్నది ఉష్ణోగ్రత, వెలుతురు, ఆహారాన్ని బట్టి మారుతుంది. ప్రయోగశాలలో దీన్ని పెంచడానికి వాడే ఆర్టీమియా పిల్లలనే ఇంట్లో చిన్న చేపల కోసం తొట్టినిండా వదిలితే, ఆ రెండు చోట్లా ఒకే ఫలితం రావడంలో వింతేమీ లేదు. మిగిలిపోయిన మేతను సైఫన్‌తో తీయడం, నీటిలోని వ్యర్థాలను నురుగుతో తీసేసే ప్రొటీన్ స్కిమ్మర్ సరిగా పనిచేసేలా చూడటం, గడ్డకట్టిన మేతను కరిగించాక ఆ నీరు పారబోసి ముక్కలనే వేయడం వంటివి ఎనిమోన్లను చంపవు గానీ పెరుగుదల రేటును కిందకు లాగుతాయి. ఆ రేటు ఎందుకంత ముఖ్యమో తర్వాతి లెక్కలో కనిపిస్తుంది.

రేటు మీద ఆధారపడిన లెక్క

ఒక తొట్టిలో 10 ఐప్టేసియాలు ఉన్నాయనీ, అక్కడి పరిస్థితుల్లో మూడు వారాలకోసారి వాటి సంఖ్య రెట్టింపవుతుందనీ అనుకుందాం. పట్టించుకోకపోతే తొమ్మిది వారాలకు అవి 80 అవుతాయి, పద్దెనిమిది వారాలకు 640. ఇప్పుడు పెంపకందారు మూడు వారాలకోసారి కూర్చుని కనిపించినవాటిలో సగం చంపుతాడనుకుంటే సంఖ్య 10 దగ్గరే ఊగిసలాడుతుంది; ఎంత శ్రమించినా తగ్గదు, పెరగదు. మేత తగ్గడం వల్ల రెట్టింపు కావడానికి ఆరు వారాలు పడితే, అదే శ్రమతో ప్రతి మూడు వారాలకూ సంఖ్య దాదాపు 30 శాతం తగ్గుతూ వస్తుంది. ఇవి ఊహించి వేసిన అంకెలే, ప్రతి తొట్టికీ వేగం వేరు. కానీ చంపే మందు మార్చకుండానే ఫలితం తలకిందులు కాగలదన్నది ఈ లెక్క చూపిస్తుంది.

కనిపించనివాటి సంగతి కూడా లెక్కలోకి రావాలి. రాళ్ల వెనక, నీరు పొర్లే పెట్టెలో, తొట్టి కింద ఉండే సంప్ అనే వడపోత తొట్టిలో, పంపు జాలీ మీద ఉన్నవి చేతికి అందవు. ముందు గాజు వైపు కనిపించే ఐదింటిని శుభ్రంగా చంపినా, సంప్‌లో చీకట్లో కొట్టుకొచ్చే మేతతో బతికే ఇరవై నుంచి తునకలు నీటివెంట వస్తూనే ఉంటాయి. ‘ఎంత చంపినా మళ్లీ వస్తున్నాయి’ అనే ఫిర్యాదుల్లో గణనీయమైన భాగానికి మూలం ఇక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

సున్నపు తేట, సూది

పెంపకందారులు కాల్క్‌వాసర్ అని పిలిచేది జర్మన్ మాట. అర్థం సున్నపు నీరు. తెలుగువారికి సున్నపు తేటగా తెలిసినదీ అదే, రసాయనికంగా కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో ఇది సుమారు 1.7 గ్రాములే కరుగుతుంది, ఆ తేట పీహెచ్ 12.4 దాకా ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, అంత తీవ్రమైన క్షారం తగిలిన మెత్తని కణజాలం అక్కడికక్కడే విచ్ఛిన్నమవుతుంది. తేట కన్నా ముద్ద మేలు చేస్తుంది. పెరుగులా చిక్కగా కలిపిన సున్నం రంధ్రాన్ని కప్పి కూర్చుంటుంది, కరిగినకొద్దీ క్షారాన్ని విడుదల చేస్తూ ముడుచుకున్న పాదం దాకా చేరుతుంది. దుకాణాల్లో ఐప్టేసియా కోసం ప్రత్యేకంగా అమ్మే సీసాల్లో కొన్ని ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. మరికొన్ని ఎనిమోన్ మేత అనుకుని మింగేలా తయారవుతాయి; వాటి వల్ల ప్రయోజనమేమిటంటే ఆ జీవి ముడుచుకోక ముందే మందు నోట్లోకి వెళుతుంది.

విధానంలో ఓపికే ప్రధానం. నీటి ప్రవాహం పంపులన్నీ ఆపాలి. సిరంజి మొనను పక్కనుంచి కాకుండా పైనుంచి, నీడ పడకుండా, నోటి చక్రం దగ్గరకు నెమ్మదిగా తేవాలి. స్పర్శకాలకు తగిలీ తగలకుండా మొదటి చుక్క వదిలి, అది ముడుచుకున్న రంధ్రం పూర్తిగా మూసుకుపోయేలా మిగిలినది వేయాలి. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత తెల్లని మడ్డిని సైఫన్‌తో లాగేసి పంపులు వేయవచ్చు. సమీపంలోని పగడం మీద ఆ మడ్డి పడితే దానికీ అదే గతి పడుతుంది. రెండు మూడు వారాల తర్వాత అదే చోటును మళ్లీ చూడటం తప్పనిసరి. చాలామంది ఈ చివరి మెట్టునే వదిలేస్తారు.

మోతాదుకు హద్దు ఉంది. ఒక గ్రాము కాల్షియం హైడ్రాక్సైడ్ పూర్తిగా కరిగితే 100 లీటర్ల తొట్టిలో క్షారత సుమారు 0.75 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) పెరుగుతుంది, దానితోపాటు పీహెచ్ కూడా ఎగబాకుతుంది. 1,000 లీటర్ల తొట్టిలో అదే గ్రాము ప్రభావం పదోవంతు. అందువల్ల చిన్న తొట్టిలో ఒక్క పూటలో ముప్పై ఎనిమోన్లకు సున్నం వేయడం ఎనిమోన్ల కన్నా ముందు చేపల ప్రాణం మీదకు తేవచ్చు. రోజుకు నాలుగైదు చొప్పున, మధ్యలో విరామంతో సాగించడం మంచిది. పాన్ దుకాణపు సున్నంలోనూ, గోడలకు వేసే సున్నంలోనూ మెగ్నీషియంతో పాటు ఇతర మలినాలు ఉండవచ్చు. ఆహారానికి వాడే నాణ్యతగల కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి కావాలి. కాల్చిన రాతి సున్నం నీళ్లు తగలగానే సలసల కాగుతుంది కాబట్టి దాని జోలికే పోకూడదు. పొడిని కలిపేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి.

నిమ్మరసం, వెనిగర్ కూడా పనిచేస్తాయని చెబుతారు. అవి ఆమ్లాలు, కణజాలంలోకి సూది గుచ్చి లోపలికి ఎక్కిస్తే కొంత ఫలితం ఉంటుంది, బయట చల్లితే నీటిలో కలిసిపోతాయి. మరిగిన నీరు సిరంజిలోంచి ఎనిమోన్ దాకా చేరేలోపే వేడి కోల్పోతుంది. రాతిని బయటకు తీసి పోస్తే మాత్రం పనిచేస్తుంది గానీ, అందులో ఉన్న ప్రమాదాన్ని చివర్లో చూద్దాం. పైన ఎపాక్సీతోనో జిగురుతోనో మూసేయడం సులువుగా కనిపిస్తుంది గానీ, రాతిలో ఇంకో సందు ఉంటే ఐప్టేసియా అటునుంచి బయటకు వస్తుంది. విద్యుత్ కడ్డీతో, లేజర్‌తో కాల్చే పరికరాలు కూడా ఉన్నాయి. అధిక శక్తి లేజర్ గాజు మీదా నీటి మీదా ప్రతిఫలించి కంటిచూపును శాశ్వతంగా పోగొట్టగలదు. ఒక ఎనిమోన్ కోసం అంత సాహసం అనవసరమనే చెప్పాలి.

తినే జీవులు: పేరు ఒకటి, ప్రాణి ఇంకొకటి

వందల సంఖ్యలో ఉన్నప్పుడు సూది పట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. అప్పుడు మిగిలేది తినే జీవి. అందరూ ముందు కొనేది పెప్పర్‌మింట్ రొయ్య. పారదర్శకమైన ఒంటి మీద ఎర్రని నిలువు గీతలుండే ఈ రొయ్యలు లిస్మాటా ప్రజాతికి చెందినవి. ఏళ్ల తరబడి అన్నింటినీ లిస్మాటా వుర్డెమానీ అనే ఒక్క పేరుతో అమ్మారు. వాటిలో పలు జాతులు కలిసి ఉన్నాయని పరిశోధకులు గుర్తించి, 2006లో ఫ్లోరిడా వైపు దొరికేదాన్ని లిస్మాటా బొగెస్సీగా వేరు చేశారు. జాతిని బట్టి ఐప్టేసియాను తినే ఆసక్తి మారుతుంది. ఒకరి తొట్టిని వారంలో శుభ్రం చేసిన రొయ్య ఇంకొకరి తొట్టిలో ఎందుకు మూలన కూర్చుంటుందో చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంతకన్నా చేటు చేసే పొరపాటు ఇంకొకటి జరుగుతుంది. ఇండో పసిఫిక్ ప్రాంతపు ఒంటె రొయ్య, శాస్త్రీయంగా రింకోసినిటీస్ డర్బనెన్సిస్, చూడటానికి పెప్పర్‌మింట్ రొయ్యకు దగ్గరగా ఉంటుంది, ఆ పేరుతోనే చేతులు మారుతూ ఉంటుంది. దీని వీపు మీద స్పష్టమైన మూపు ఉంటుంది, ఎర్ర గీతల మధ్య తెల్లని చారలు, చుక్కలు కనిపిస్తాయి, కళ్లు పెద్దవిగా ఉంటాయి. ఇది ఎనిమోన్లను వదిలి మెత్తని పగడాలను తింటుంది. ఈ భాగంలో పాఠకులు ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే తెల్ల చారలను గుర్తుంచుకోవడం లాభదాయకం.

అసలు పెప్పర్‌మింట్ రొయ్యకు కూడా ఐప్టేసియా ఇష్టభోజనం కాదు. అది రాత్రివేళ తిరుగుతూ ఏది తేలిగ్గా దొరికితే అది తింటుంది. చేపల మేత దండిగా ఉన్న తొట్టిలో కుట్టే జీవిని తినవలసిన అగత్యం దానికి లేదు. చిన్న ఐప్టేసియాలను తిని, బాగా ఎదిగినవాటిని వదిలేయడం తరచుగా కనిపిస్తుంది. అందుకని పెద్దవాటిని సున్నంతో చంపి, చిన్నవాటిని రొయ్యలకు వదలడం అనే జోడీ ఉపాయం, ఏ ఒక్కదానికన్నా మెరుగ్గా పనిచేస్తుంది.

బెర్గియా సంగతి దీనికి పూర్తిగా భిన్నం. పెంకు లేని ఈ సముద్రపు నత్త ఐప్టేసియాను తప్ప మరేమీ తినదు. 1990 నాటికే దీన్ని ప్రయోగశాలలో పెంచే పద్ధతి ప్రచురితమైంది, కాకపోతే అప్పట్లో దాన్ని ఐరోపా వైపు జాతి అయిన బెర్గియా వెరుకికోర్నిస్‌గా పొరబడ్డారు. ఫ్లోరిడాకు చెందిన వేరే జాతి అని 2005లో వర్ణించి స్టెఫానియే అనే జాతి పేరు పెట్టారు. ఇప్పుడు అది బెర్గియా స్టెఫానియే. ఇది ఎనిమోన్‌ను తినడమే కాక, దాని దంశకణాలను పేలకుండా మింగి, తన వీపు మీది వేళ్లలాంటి పొడవాటి కొసల్లో దాచుకుని స్వీయరక్షణకు వాడుకుంటుంది. ప్రతి నత్తా ఉభయలింగి కాబట్టి ఏ రెండు కలిసినా తెల్లని సుడిలాంటి గుడ్ల దారం పెడతాయి. రెండు వారాల లోపే పిల్లలు వస్తాయి. డింభకాలకు వేరే సూక్ష్మాహారం అవసరం లేకపోవడం వల్లే దీన్ని ఇళ్లలో కూడా పెంచగలుగుతున్నారు.

అంత ఏకాగ్రత గల వేటగాడికి బలహీనత కూడా ఆ ఏకాగ్రతలోనే ఉంది. 300 లీటర్ల తొట్టిలో రెండు మూడు నత్తలు వదిలితే అవి ఒకదానినొకటి కలవకుండానే ముసలివవుతాయి. సంఖ్య పెరిగి ఐప్టేసియాను మించడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో పైకి ఏ మార్పూ కనిపించదు, ఎందుకంటే అవి రాత్రిళ్లు తిరిగి పగలు రాళ్ల కింద దాక్కుంటాయి. చాలామంది విసుగెత్తి ఆ దశలోనే పెప్పర్‌మింట్ రొయ్యలను తెస్తారు. రొయ్యలు నత్తలను, వాటి గుడ్లను తినేస్తాయి. కొన్ని రాస్ చేపలు కూడా అంతే. చివరకు ఐప్టేసియా అయిపోగానే బెర్గియాలు ఆకలితో చస్తాయి. అందువల్ల పెంపకందారులు ముందుగానే మిగిలిన నత్తలను ఏరి, అవసరమున్న ఇంకొకరికి చేరవేస్తారు.

చేపల్లో రెండింటికి పేరుంది. రాగిరంగు పట్టీల సీతాకోక చేప, అంటే కాపర్‌బ్యాండ్, పొడవాటి మూతిని సందుల్లోకి దూర్చి ఐప్టేసియాను లాగగలదు. కానీ దానికి కనీసం 400 లీటర్ల పైబడిన చోటు కావాలి, కొత్త తొట్టిలో మేత ముట్టక చచ్చిపోవడం దానికి మామూలు. నూగు తోక ఫైల్‌ఫిష్, శాస్త్రీయంగా ఎక్రియిక్తిస్ టొమెంటోసస్, చిన్నది, గట్టిది, మేతకు త్వరగా అలవాటుపడుతుంది. ఐప్టేసియా అయిపోయాక కండగల పగడాలను కొరికే అవకాశమూ ఉంది. కలుపు తీయడానికి తెచ్చిన మేక పైరు మేయడం లాంటి పరిస్థితి అది. పగడాలు లేకుండా చేపలు మాత్రమే ఉన్న తొట్టిలో ఈ చిక్కు ఉండదు.

మంజానోకు వేరే దారి

బెర్గియా మంజానోను ముట్టుకోదు. పెప్పర్‌మింట్ రొయ్యల మీద కూడా నమ్మకం పెట్టుకోలేము. కొన్ని సీతాకోక చేపలు తింటాయి, కానీ అవి పగడాలనూ వదలవు. కాబట్టి మంజానో విషయంలో రాతినే లెక్కలోకి తీసుకోవాలి. అది గుంపుగా ఒకేచోట పెరుగుతుంది కనుక, ఆ రాయిని బయటకు తీయడానికి వీలైతే సమస్యలో అధిక భాగం దానితోనే పోతుంది. తీయడానికి వీల్లేని పెద్ద రాయి అయితే సున్నపు ముద్దతో అంచుల నుంచి లోపలికి వస్తూ చంపడం అనుకూలం. నడిమి నుంచి మొదలుపెడితే అంచున ఉన్నవి అవతలి రాతిమీదకు జరుగుతాయి.

రాళ్లు, చట్టం, శుభ్రత

భారతదేశంలో ఈ సమస్యకు చట్టపరమైన నేపథ్యం ఒకటి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో 2001 నుంచి దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, అగ్ని పగడం, సముద్రపు విసనకర్రలు ఉన్నాయి. కాబట్టి మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీప్‌లోనో తవ్విన పగడపు రాతిని లైవ్ రాక్ పేరుతో కొనడం నేరంలో భాగం కావడమే. అంతర్జాతీయ వాణిజ్యంలో కూడా గట్టి పగడాలు, వన్యజీవుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల ఆర్ఓ నీటిలో ఉప్పు కలిపి తొట్టి కట్టేవారికి సిరామిక్ రాయి, సిమెంటుతో పోత పోసిన రాయి ఈ చిక్కును తప్పిస్తాయి. యాదృచ్ఛికంగా ఐప్టేసియా విషయంలోనూ ఇవే మేలు, ఎందుకంటే పొడిరాతిమీద అది రాదు. అలాగని తొట్టి సురక్షితమని కాదు. నత్త గుల్లలు, కీటోమార్ఫా నాచు ముద్దలు, క్లౌన్ చేపల కోసం తెచ్చిన ఎనిమోన్ పాదం, మెత్తని పగడాలను అతికించి అమ్మే చిన్న పలకలు, చివరికి దుకాణం నీళ్ల సంచీ కూడా దానికి వాహనాలే.

కలుపు పట్టిన రాతిని ఇంట్లో ఉడకబెట్టే అలవాటు ప్రాణాంతకం కాగలదు. జోయాంథిడ్లు అనే పగడాల బంధువుల్లో, ముఖ్యంగా వాటిలోని పాలిథోవాలో, పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. ఉడికినప్పుడు ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. వేడినీటితో రాళ్లు కడిగి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. 2018లో ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టి శుభ్రం చేసినప్పుడు ఈ విషానికి గురై ఇంట్లోవారితో పాటు సాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. రాతిని ఎండలో కొన్ని వారాలు పూర్తిగా ఆరబెట్టడం నెమ్మదైనా భద్రమైన దారి. ఆ తర్వాత కడిగి, కుళ్లిన కణజాలం వాసన పోయేదాకా ఉప్పునీటిలో విడిగా నానబెట్టాలి.

తీసేసిన రాళ్లను, నాచును, నీటిని తీరప్రాంతాల్లో ఉన్నవారు సముద్రంలోకి వదలకూడదు. మధ్యధరా సముద్రంలో మొనాకో దగ్గర 1984లో మొదట కనిపించిన కౌలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు, ఆ తర్వాతి దశాబ్దాల్లో వేల ఎకరాల సముద్రపు అడుగును కప్పేసింది.

కొత్త పగడం ముక్క కొన్నప్పుడు దానితో వచ్చిన పలకను తొట్టిలో పెట్టకుండా, పగడాన్ని పలక నుంచి విడదీసి కొత్త పలక మీద అతికించడం అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే నివారణ. ఎనిమోన్ పాదం సాధారణంగా పలక అడుగునో, కాడ పక్కనో దాక్కుంటుంది. విడదీయడం కుదరని రకమైతే నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న తొట్టిలో విడిగా ఉంచి, రాత్రివేళ టార్చి వేసి పలక చుట్టూ చూడాలి. కంటికి ఆనని తునక ఆ వ్యవధిలో స్పర్శకాలు మొలిపించుకుని గుర్తుపట్టే స్థాయికి ఎదుగుతుంది. ఆ దశలో ఒక్క చుక్క సున్నం సరిపోతుంది.